మురుగు గొట్టమునకు తగిన చోటు

నేలపై కట్టిన యింటిలో మురుగుకాలువ కంటికి కనబడని వస్తువు. గోడలలోను, నేలక్రిందను పాతిన గొట్టములు తరములతరబడి తమ పని తాము చేసికొనిపోవుచుండుటచే, స్నానపుగదినుండి జారిన నీరు ఏ మార్గమున పోయి ఎచ్చట చేరుచున్నదో విచారింపవలసిన యవసరము గృహస్థునకు సాధారణముగా కలుగదు. చక్రములపై కట్టి, మోటారుబండి వెనుక తగిలించి, ఊరినుండి ఊరికి లాగుకొనిపోవు గృహమునకు ఈ సౌకర్యము లేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోను, కెనడాలోను ట్రావెల్ ట్రెయిలరని పిలువబడు ఈ సంచారగృహమున వంటగది కలదు, పడక కలదు, స్నానపుగదియు మరుగుదొడ్డియు కలవు. కాని దాని మురుగుకాలువ మాత్రము గృహమునకు శాశ్వతముగా అతుకబడియుండదు. అది పది పదునైదడుగుల ముడుతల గొట్టము. అవసరమైనపుడు దానిని బయటికి తీసి, ఒక కొనను బండికిని, రెండవ కొనను నేలలోని మురుగుద్వారమునకును తగిలించి, పని ముగిసిన పిమ్మట విప్పి, మరల ఆ బండితోడనే తీసికొనిపోవలెను.

ఆ గొట్టమును ఎచ్చట నుంచవలెను, ఎట్లుంచవలెను అనునదే ఈ అధ్యాయమునకు విషయము. ప్రశ్న చిన్నదిగనే కనబడును. అయినను దానికి సరియైన సమాధానము చెప్పబూనినచో నీటి యావిరి స్వభావమును, ఇనుము త్రుప్పుపట్టు తీరును, ప్లాస్టిక్కు వార్ధక్యమును, రోగక్రిముల జీవనమరణములను విచారింపక తప్పదు. ఇట్లు విచారించినవారికి తేటపడు విషయ మొక్కటి కలదు: గొట్టమును దాచుచోటు దానిని కంటికి మఱుగుచేయు మూలగా నుండిన చాలదు, దానిని ఆరబెట్టు సాధనముగా నుండవలెను.

సంచారగృహము, దాని రెండు ట్యాంకులు

ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో మోటారుకారు సామాన్యగృహస్థునకు అందుబాటులోనికి వచ్చినంతనే అమెరికా ప్రజలు గుడారములను, వంటసామగ్రిని కార్లపై కెత్తుకొని దేశాటనమునకు బయలుదేరిరి. 1919లో ఫ్లోరిడా రాష్ట్రమందలి టాంపా నగరమున ఇట్టి యాత్రికులు 'టిన్ కాన్ టూరిస్ట్స్' అను పేరుతో ఒక సంఘముగా నేర్పడిరి. డెట్రాయిట్ నగరవాసియగు ఆర్థర్ షెర్మన్ 1929 ప్రాంతమున తన కుటుంబముకొఱకు ఒక ట్రెయిలరును రూపొందించి, పిమ్మట 'కవర్డ్ వాగన్' అను పేర అట్టివానిని తయారుచేసి విక్రయింప మొదలిడి, కొలది యేండ్లలోనే ఆ వ్యాపారమున అగ్రగణ్యు డయ్యెను. ఆయన సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడను సంగతి మన విషయమునకు మిక్కిలి సన్నిహితమైనది. 1936లో వాలీ బైయమ్ అల్యూమినియపు రేకులతో 'ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్' అను ట్రెయిలరును వెలువరించెను. నేడు ఈ పరిశ్రమకు ఇండియానా రాష్ట్రమందలి ఎల్క్‌హార్ట్ పట్టణము ప్రధానకేంద్రము.

ఆ తొలినాటి బండ్లలో చాలవాటికి మరుగుదొడ్డి లేదు. బండిలోనికి మరుగుదొడ్డి వచ్చిన పిమ్మట మలజలమును త్రోవలో విడువక వెంట మోసికొనిపోవలసి వచ్చెను. అందులకై బండి నేలక్రింద ట్యాంకులు వెలసినవి. మరుగుదొడ్డి నుండి వచ్చునది చేరు ట్యాంకును బ్లాక్ ట్యాంకనియు, స్నానపు నీరును వంటగది నీరును చేరు ట్యాంకును గ్రే ట్యాంకనియు వ్యవహరింతురు. ఒక్కొక్క ట్యాంకునకు పలకవలె ముందునకు వెనుకకు జరుగు వాల్వు ఒకటి యుండును. సాధారణముగా రెండు ట్యాంకుల గొట్టములును కలిసి, బండి ప్రక్క క్రిందిభాగమున 3 అంగుళముల వ్యాసముగల ఒక్క ద్వారముగా బయటపడును. ఆ ద్వారమునకు రెండు చెవులవంటి పొడుచుకొనిన పట్లు ఉండును. గొట్టపు మూతిని వానిపై నుంచి కొంచెము త్రిప్పినచో అది బిగిసికొనును.

గొట్టపు లోపలి వ్యాసమును 3 అంగుళములే. ఒక్క అడుగు పొడవున సుమారు 1.4 లీటర్లు పట్టును గాన, 15 అడుగుల గొట్టము నిండియున్నచో అందు దాదాపు 21 లీటర్ల మలజల ముండును. అగ్గువదైన గొట్టము పలుచని వినైలు పొరలో ఉక్కుతీగను మెలికలుగా చుట్టి చేసినది. మేలైనది ప్లాస్టిక్కునకును రబ్బరునకును మధ్యస్థమగు గుణములుగల థర్మోప్లాస్టిక్ ఎలాస్టోమరుతో చేసిన మందపాటి గొట్టము. రెండింటికిని ఒడలెల్ల ముడుతలే. ఆ ముడుతలవలననే గొట్టము వంగును, సాగును, మూడవవంతు పొడవునకు కుదించుకొని చిన్నచోట ఇముడును. గొట్టమునకు ఉపకారము చేయు ఈ ముడుతలే దానిని భద్రపరచువానికి ప్రధానశత్రువులు. ఏలయన ప్రతి ముడుతయు లోపలివైపు ఒక చిన్న కాలువయై నీటిని పట్టియుంచును.

మిగిలిన నీటి లెక్క

ట్యాంకులను ఖాళీచేసి, గొట్టమును కడిగి, ఎత్తి వంచినంతమాత్రమున లోపలి నీరంతయు పోయినదని భావించుట సహజము. లెక్క వేరొకరీతిగా చెప్పును. 15 అడుగుల గొట్టమును నునుపైనదానిగా భావించినను దాని లోపలి వైశాల్యము సుమారు ఒక చదరపు మీటరు. ఆ తలముపై మిల్లీమీటరులో అయిదవవంతు మందమున నీటిపొర అంటియున్నదనుకొనినచో, ఆ నీరు సుమారు 220 గ్రాములు, అనగా పావులీటరునకు రవంత తక్కువ. ముడుతలవలన వైశాల్యము ఇంకను పెరుగును; ముడుతల అడుగున నిలిచిన నీరు ఈ లెక్కకు అదనము.

ఈ నీరు ఆవిరియై పోవలెను. అది ఎచ్చటికి పోగలదు? గాలి నీటియావిరిని ఒక మేరవఱకే ధరింపగలదు. 25 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణమున ఒక ఘనమీటరు గాలి గరిష్ఠముగా 23 గ్రాముల ఆవిరిని పట్టియుంచును. అంతకు మించిన ఆవిరి మరల నీరుగా దిగును. ఇపుడు ఆ తడిగొట్టమును ఉంచుటకు ఉపయోగించు నాలుగంగుళముల చదరపు ఇనుపగొట్టమును తీసికొందము. దాని గోడల మందము అంగుళములో ఎనిమిదవవంతు, పొడవు 8 అడుగులు అయినచో, లోపల పట్టు గాలి సుమారు 22 లీటర్లు. పూర్తిగా పొడిగానున్న గాలియైనను అంత చోటున పట్టియుంచగల ఆవిరి అర గ్రాము మాత్రమే. లోపల నున్న నీరు 220 గ్రాములు!

కావున రెండు కొనలను మూతలతో బిగించినచో, అర గ్రాము నీరు ఆవిరియైనంతనే లోపలి గాలి సంతృప్తమై, ఆరుట ఆగిపోవును. పగటివేడికి ఇనుము కాగినచో మఱికొంత ఆవిరియగును. రాత్రిచలికి అదియే గోడలపై చెమటగా దిగును. ఎన్ని దినములు గడచినను గొట్టము తడియారదు. మొత్తము నీరు పోవలెనన్నచో లోపలి గాలి కనీసము నాలుగువందల నలుబది పర్యాయములు పూర్తిగా మారవలెను. బయటిగాలిలో సహజముగనే కొంత తేమ యుండును గాన అంతకును మించి మారవలెను. కొన్ని రంధ్రములగుండా గాలి అటునిటు పారగల చోట ఈ మార్పు తనంతట జరిగిపోవును. మూసినచోట ఎన్నటికిని జరుగదు. గొట్టమును ఉంచుటలో గల శాస్త్రమునకంతకును ఈ లెక్కయే మూలకందము.

బంపరునందలి కష్టములు

ట్రెయిలరు తయారుచేయువారు చిరకాలముగా ఈ గొట్టమునకు చూపుచున్న చోటు వెనుక బంపరు. నాలుగంగుళముల చదరపు ఉక్కుగొట్టమునే బంపరుగా అతికించి, రెండు కొనలకు ప్లాస్టిక్కు మూతలుంచి, మురుగుగొట్టమును అందులో దూర్చుకొనుమని విడుచుదురు. అదనపు ఖర్చు లేదు, అదనపు చోటు అక్కరలేదు. గొట్టము ఇంటిలోనికి రాకుండ బయటనే యుండును. ఈ యోచనయందలి మితవ్యయము ప్రశంసనీయమే. అయినను ఆచరణలో ఇది మూడు చోట్ల విఫలమగుచున్నది.

మొదటిది ఇముడుటలోని కష్టము. బంపరు లోపలి కొలత సుమారు మూడుముప్పావు అంగుళములే యుండును; గొట్టపు ఒడలు అందు పట్టునే గాని, కొనలయందలి బిగింపు మూతులు వాని చెవులతోగూడి చాలవఱకు పట్టవు. అందువలన యాత్రికుడు ప్రతిమారును మూతులను ఊడదీయవలెను, లేదా అగ్గువ గొట్టముతో తృప్తిపడవలెను. తడిసిన మూతిని మాటిమాటికి ఊడదీసి తగిలించుట చేతికి మురుగంటుటకును, అతుకు వదులగుటకును హేతువు.

రెండవది త్రుప్పు. ఇనుము త్రుప్పుపట్టుటకు నీరును, ఆమ్లజనియు రెండును కావలెను. నీటిలో లవణము లున్నచో ఆ క్రియ మఱింత వేగముగా సాగును. మూత్రమున లవణములు సమృద్ధిగా కలవు. బంపరు వెలుపల రంగు పూసియుందురు. లోపలివైపు చాలవాటికి రంగులేదు. పైనుండి చూచినపుడు నల్లగా నిగనిగలాడుచున్న బంపరు లోపలినుండి పెచ్చులూడి పలుచబడుచుండును. దానిపై అదనపు చక్రమునో, సైకిళ్ల చట్రమునో తగిలించి సాగిపోవు యాత్రికులు పెక్కుమంది. ఆ బరువు బాటకుదుపులకు ఊగుచు, బంపరును చట్రమునకు అతికిన చోట్లను విఱిచివేయుచుండును. త్రుప్పుచే బలముడిగిన లోహమున కిది మఱింత ప్రమాదకరము.

ఇందు మఱియొక రసాయనచర్యకును తావు కలదు. గాలిసోకని మలినజలమున కొన్ని సూక్ష్మజీవులు సల్ఫేటులనుండి హైడ్రోజన్ సల్ఫైడను వాయువును పుట్టించును. కుళ్లిన కోడిగ్రుడ్డు కంపు దానిదే. అత్యల్పమాత్రమున నున్నను మానవనాసిక దానిని పసికట్టగలదు. మహానగరముల మురుగు సొరంగములలో ఈ వాయువు పైకెగసి, తడిసిన కప్పునంటి, అచటి వేఱు సూక్ష్మజీవుల మూలమున గంధకామ్లముగా మారి, కాంక్రీటును తినివేయుచుండును. మెల్బోర్న్ నగరపు కాలువలలో ఇట్టి క్షయమునకు కారణమైన సూక్ష్మజీవిని పార్కర్ అను శాస్త్రజ్ఞుడు 1945లో వేఱుపఱచి చూపెను. మందపాటి కాంక్రీటు గోడలనే జీర్ణముచేయు తేమయు దుర్వాయువును ఒక బంపరులో యేండ్లతరబడి బంధించియుంచుట వివేకము గాదు.

మూడవది మూతల చాంచల్యము. ఒత్తిడితో మాత్రమే నిలుచు ప్లాస్టిక్కు మూతలు ఎండకు పెళుసుబారి, బాటకుదుపులకు వదులై, ఎచ్చటనో జారిపడిపోవును. మూత పోయిన బంపరునుండి గొట్టము కొంచెము కొంచెముగా జరిగి రాజమార్గముపై పడినచో, వెనుకవచ్చు బండ్ల వారికి అది అపాయకరము. పోగొట్టుకొనినవానికి ఆ సాయంకాలమునకు మురుగుకాలువయే లేదు.

రెండు నీళ్ల వియోగము

బంపరు పనికిరాదని తెలిసికొనినవారిలో కొందఱు గొట్టమును బండి ప్రక్కనుండు సామానుల అరలో పడవేయుదురు. ఆ యరలోనే త్రాగునీటి గొట్టము, విద్యుత్తు తీగ, మడతకుర్చీలు, పిల్లల ఆటవస్తువులు ఉండును. ఈ పద్ధతిలోని దోషమును గ్రహించుటకు చరిత్రలో ఒక గొప్ప ఉదాహరణము కలదు.

1854లో లండన్ నగరమందలి సోహో ప్రాంతమున భయంకరమైన కలరా చెలరేగినపుడు వైద్యుడు జాన్ స్నో మరణములు సంభవించిన యిండ్లను విచారించి, బ్రాడ్ వీథిలోని ఒక నీటిపంపే ఆ వ్యాధికి మూలమని నిరూపించెను. పిమ్మట హెన్రీ వైట్‌హెడ్ అను మతాచార్యుని అన్వేషణవలన ఆ నీరు చెడిన విధము బయటపడెను. ఆ పంపునకు ఎదుటనే యున్న యింటిలో వ్యాధిగ్రస్తమైన ఒక పసిపాప గుడ్డలు ఉతికిన నీటిని ఇంటి మలకూపమున పోసిరి. ఆ మలకూపపు ఇటుకగోడ శిథిలమైయుండెను. బావికిని దానికిని నడుమ దూరము కొలది యడుగులే. నగరమంతయు విశాలముగా నున్నను ఆ కొలది యడుగులే విపత్తును తెచ్చినవి.

ట్రెయిలరులో ఆ దూరము అంగుళములకు దిగును. నీటి ట్యాంకును నింపుకొనుటకు వాడు త్రాగునీటి గొట్టపు మూతి, మలజలమును మోసిన గొట్టముతో ఒకే అరలో రాసికొనినచో, రెండు నీళ్లను వేఱుచేయుటకు నాగరికసమాజము చేసిన యత్నమంతయు అచట భగ్నమగును. మలమునందుండు రోగకారకములు ఒక్కొక్కటి ఒక్కొక్క స్వభావము గలవి. క్రిప్టోస్పొరిడియము అను ఏకకణజీవి క్లోరినుకు సుళువుగా లొంగదు. కాని పూర్తిగా ఆరినచో కొలది గంటలలో చచ్చును. ఇందుకు విరుద్ధముగా వాంతులను విరేచనములను కలిగించు నోరోవైరసు ఆరిన తలముపై సైతము దినములతరబడి నిలిచియుండగలదు. కావున ఆరబెట్టుట ఒక్కటే చాలదు, వేఱుగా నుంచుట ఒక్కటే చాలదు. రెండును కలిసినపుడే రక్ష.

మన తెలుగిండ్లలో దొడ్డికి కొనిపోవు చెంబును మంచినీళ్ల బిందె దరిదాపులకు రానీయని పెద్దల కట్టుబాటు ఈ శాస్త్రమునకు సరిపోవునదే. ట్రెయిలరులోను అదే నియమము: త్రాగునీటి గొట్టము తెల్లనిదో నీలిదో యొకటి, దాని అర వేరు; మురుగుగొట్టమును కడుగుటకు వాడు నీటిగొట్టము వేరొక రంగుది, దాని చోటు మురుగుగొట్టము చెంతనే. చేతితొడుగులును మురుగు సామగ్రితోడనే యుండవలెను. రంగు భిన్నముగా నున్నచో అలసియున్నవాడును చీకటిలో పొరబడడు.

తగిన గొట్టపుపెట్టె

ఇంతవఱకు చెప్పినదానిని బట్టి గొట్టమునకు తగిన చోటు ఎట్లుండవలెనో మూడు మాటలలో చెప్పవచ్చును: త్రుప్పుపట్టనిదై, గాలియాడునదై, మనుష్యులు త్రాగు తిను వస్తువులకు దూరమైనదై యుండవలెను. ఈ లక్షణములు గల పెట్టెను అనేకులు స్వయముగా చేసికొనుచున్నారు. అమెరికాలో ఇంటి ప్రహరీకంచెలకు వాడు 5 అంగుళముల చదరపు వినైలు స్తంభములు బోలుగా నుండును. వాని లోపలి కొలత బంపరుకంటె సుమారు ఒక అంగుళ మెక్కువ గాన, మూతులతోగూడ గొట్టము అందు సులభముగా దూరును. 6 అంగుళముల ప్లాస్టిక్కు గొట్టమునైనను ఇట్లే వాడవచ్చును. అంగడిలో దొరకు తయారుపెట్టెలును ఈ పద్ధతిలోనివే. దీనిని బండి నేలక్రింద ఉక్కుచట్రమునకు అడ్డముగా గాని, బంపరునకు వెనుకగా గాని అమర్తురు.

అమర్చుటలో నాలుగు విషయములు గమనింపదగినవి. ప్లాస్టిక్కు వేడికి ఉక్కుకంటె చాల యెక్కువగా వ్యాకోచించును. 8 అడుగుల వినైలు గొట్టము చలికాలపు రాత్రికిని వేసవి మధ్యాహ్నమునకును నడుమ 40 డిగ్రీల భేదమునకు దాదాపు 6 మిల్లీమీటర్లు పెరుగును. ఉక్కుచట్రము అంతే పొడవున సుమారు ఒక మిల్లీమీటరే పెరుగును. రెండు కొనలను మరలతో గట్టిగా బిగించినచో ఈ భేదము మరచుట్టు ప్లాస్టిక్కును చీల్చివేయును. కావున ఒక కొనను స్థిరముగా బిగించి, తక్కినచోట్ల కొంచెము జరుగుటకు వీలుగా పట్టీలతో ఆనించుట ఉత్తమము.

రెండవ విషయము వాలు. పెట్టె ఒక కొనవైపు రవంత వంగియుండి, ఆ కొన అడుగున రంధ్రములున్నచో జారిన నీరు నిలువదు. మూడవది గాలి. రంధ్రములు రెండు కొనలయందును ఉన్నపుడే గాలి ఒక కొనను ప్రవేశించి రెండవ కొనను వెలువడును; ఒక్క కొననే యున్నచో లోపలి గాలి కదలదు. ఆ రంధ్రములను సన్నని స్టెయిన్‌లెస్ ఉక్కు వలతో కప్పవలెను. లేకున్న కందిరీగలు బంకమట్టితో గూళ్లు కట్టి మూసివేయును, ఎలుకలు లోపల కాపురముండును. నాలుగవది తలుపు. ఒత్తిడితో నిలుచు మూతకు బదులు బందుపై తిరుగు తలుపును, దానికి గడియను, ఆ గడియ జారకుండ అడ్డముగా ఒక పిన్నును ఉంచినచో, గొట్టము బాటపై పడు భయము చాలవఱకు తగ్గును.

పెట్టె గొట్టమును ఎండనుండియు కాపాడును. సూర్యకాంతియందలి అతినీలలోహిత కిరణములు ప్లాస్టిక్కునందలి దీర్ఘశృంఖలములవంటి అణువులను త్రెంపివేయును. వినైలును మెత్తగానుంచు ద్రవ్యములును క్రమముగా వెలికిపోవును. అందుచే ఎండలో పడియున్న గొట్టము పైకి బాగుగనే కనబడుచున్నను వంచినచోట సూదిబెజ్జములు పడును. ఆ బెజ్జములను యజమాని మొదటిసారి తెలిసికొనునది ట్యాంకు వాల్వు తెఱచినపుడే. అతిశీతలమును గొట్టమునకు పనికిరాదు: నీరు మంచుగట్టినపుడు నూటికి తొమ్మిది పాళ్లు వ్యాకోచించును, చలికి బిఱుసెక్కిన వినైలు ఆ ఒత్తిడికి పగులును. చలికాలమున బండిని నిలిపివేయువారు గొట్టమును పూర్తిగా ఆరబెట్టిన పిమ్మటనే దాచవలెను.

ఉంచుటకు ముందు చేయవలసినది

ఎంత చక్కని పెట్టెయైనను అశ్రద్ధగా విప్పిన గొట్టమును శుద్ధిచేయజాలదు. భద్రపరచుట యనునది బండ్ల మురుగును విడుచు చోటగు డంప్ స్టేషనులోనే మొదలగును. చేతితొడుగులు తొడిగికొని, గొట్టపు కొనను నేలలోని ద్వారమున నిలుకడగా అమర్చి, రెండవ కొనను బండికి తగిలింపవలెను. మొదట బ్లాక్ ట్యాంకును విడువవలెను; అది ఖాళీయైన పిమ్మట దాని వాల్వు మూసి, గ్రే ట్యాంకును విడువవలెను. ఈ వరుసకు కారణము స్పష్టము: సబ్బునీరు మలజలము వెనుక వచ్చి గొట్టమును కొంతవఱకు తానే కడుగును. బ్లాక్ ట్యాంకు వాల్వును విడిదిలో నిత్యము తెఱచియుంచువారు కలరు. అట్లు చేసినచో ద్రవమంతయు ముందుగా జారిపోయి, ఘనపదార్థము ట్యాంకులోనే గుట్టగా పేరుకొనును. మూడింట రెండువంతులైనను నిండిన పిదప ఒక్కసారిగా విడిచినపుడే ప్రవాహవేగము సమస్తమును తీసికొనిపోవును.

రెండు వాల్వులను మూసిన పిదప ముందుగా బండివైపు కొనను విప్పి, నడుమెత్తునకు లేపి, మురుగుద్వారమువైపు గొట్టము క్రింద చేతులు మార్చుకొనుచు నడచినచో, ముడుతలలోని నీరు చాలవఱకు జారిపోవును. పిమ్మట అచట నుండు కడుగునీటి కొళాయితో లోపల నీరు పారించి, మరల అట్లే ఎత్తి జార్చవలెను. ఆ కొళాయి నీరు త్రాగుటకు కాదని అచట వ్రాసియుండును. ఆ హెచ్చరికను యాత్రికుడు మిక్కిలి గౌరవింపవలెను. బ్లీచింగు ద్రావణము వాడదలచువారు శుభ్రముగా కడిగిన తరువాతనే వాడుట మేలు. మలాంశము మిగిలియున్నచో క్లోరిను దానితో కలిసి వ్యర్థమగును. మూత్రమునందలి అమ్మోనియాతో కలిసినచో ఊపిరితిత్తులకు హానిచేయు క్లోరమిను వాయువులు పుట్టును.

గొట్టపు కొనల మూతలనుగూర్చి యాత్రికులలో భిన్నాభిప్రాయములు కలవు. మూతలుంచినచో బొట్లు కారవు, కాని తేమ లోపలనే బంధింపబడును. తీసినచో గొట్టము ఆరును, కాని ప్రయాణమున బొట్లు పడును. పైన చేసిన లెక్కను బట్టి దీనికి పరిష్కారము సులభము. ప్రయాణముండు దినమున మూతలు బిగించి పెట్టెలో నుంచవలెను. విడిదిచేరినపుడు గొట్టము అక్కరలేనిచో మూతలుతీసి, సాగదీసి, నీడలో గాలి తగులునట్లు పరచి, ఆరిన పిమ్మట మూతలు లేకుండగనే పెట్టెలో పెట్టవలెను. ఎండ గొట్టపు వెలుపలి క్రిములను కొన్నిటిని చంపునే గాని, లోపలి భాగమునకు వెలుగే చేరదు. అచట పనిచేయునది గాలి యొక్కటియే. కుదించి యుంచినపుడు ముడుతలు ఒకదానితో నొకటి అంటుకొని గాలికి అడ్డుపడును గాన, చోటున్నంతవఱకు గొట్టమును సాగియుండునట్లు ఉంచుటయే మంచిది.

ఇటీవల అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములు సైతము వేసవిసెలవులలో ఇట్టి బండ్లను అద్దెకు తీసికొని, యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ మొదలగు జాతీయోద్యానములను దర్శించుచున్నవి. బండి యప్పగించువారు పడకలను, పొయ్యిని, శీతలయంత్రమును చూపుదురు. యాత్రికులును వానినే ఆసక్తితో చూతురు. వానితోపాటు మురుగుగొట్టపు చోటునుగూడ చూపుమని కోరుట ఆరోగ్యమును కోరువానికి విధి. అది త్రాగునీటి గొట్టమునకు ఎంతదూరమున నున్నది? మూతతీసినపుడు పొడిగానున్నదా, కంపుగొట్టుచున్నదా? నీరు జారుటకు, గాలి పారుటకు రంధ్రములున్నవా? కడుగుటకు వేరొక గొట్టమును, చేతితొడుగులును ఇచ్చిరా? ఈ ప్రశ్నలకు సంతృప్తికరమైన సమాధానములు లభించిన బండిలో తక్కినవియు శ్రద్ధతో చూచుకొనబడియుండునని విశ్వసింపవచ్చును.

పట్టణములలో మురుగుకాలువలను నడుపుటకు ఇంజనీర్లు, కార్మికులు, పురపాలకులు అహోరాత్రములు శ్రమించుచుందురు. వారి శ్రమఫలమును మనము విచారింపకయే అనుభవించుచున్నాము. సంచారగృహమున ఆ యింజనీరును, ఆ కార్మికుడును, ఆ పురపాలకుడును గృహస్థుడే. డంప్ స్టేషనున గొట్టమును ఎత్తి జార్చుటకు అతడు వెచ్చించు కొలది నిమిషములును, రెండు కొనలకు రంధ్రములు తొలిచిన ఒక పెట్టెయును, తన బిడ్డల ఆరోగ్యమును, తనకు పిమ్మట అదే విడిదికి వచ్చు అపరిచిత యాత్రికుల ఆరోగ్యమును కాపాడును. పారిశుద్ధ్యమను మహత్కార్యమున ఇంతటి స్వల్పవ్యయముతో ఇంతటి ప్రయోజనమొసగు పని వేరొకటి అరుదు. కావున గొట్టమును కొనునాడే దాని పెట్టెనుగూర్చియు ఆలోచింపవలెను.